నీలం మైకు మర్యాద

గౌదెన్సియోకి పాట విషయంలో ఉన్న గర్వం ఇంకే విషయంలోనూ లేదు. ఫిలిప్పీన్స్‌లోని బులకాన్‌లో, వాళ్ళ పేట చర్చిలో గాయకుల ముందు నిలబడి పాట ఎత్తుకునేది ఆయనే. ఒక్క అపస్వరం పడినా ఆ పూట అన్నం సయించని మనిషి. అందుకే ఇంటింటా ఉండే కరావోకే పాటల పెట్టె పాడినవాళ్ళకి ఇచ్చే మార్కులంటే ఆయనకు ఒళ్ళుమంట. దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, దాని గుట్టు ఎప్పుడో కనిపెట్టాడు. దానికి రాగం తెలియదు, తాళం తెలియదు. మైకులోంచి గొంతు ఎంత గట్టిగా లోపలికి వెళితే అన్ని మార్కులు. గాడిద ఓండ్రపెట్టినా తొంభై ఇస్తుంది.

ఆ ఆదివారం మాత్రం ఆ గుట్టే ఆయనకు దిక్కయింది. కూతురు డివినాను తమ కొడుకు రోడెల్‌కి ఇమ్మని అడగడానికి వియ్యాలవారు వస్తున్నారు. రోడెల్ బంగారంలాంటి కుర్రాడు. చిక్కంతా తండ్రి లియోన్సియోతోనే. ఒకప్పుడు పక్క ఊరికి పెద్దగా చేశాడు. పదవి పోయినా అందరూ ఇంకా 'కపితాన్' అనే పిలవాలి. పెద్దకొడుక్కి కుదిరిన సంబంధాన్ని పులుసు చల్లారిందని కాదనుకుని వచ్చిన ఘనుడు. పాటంటే ప్రాణం. నూటికి నూరు రాకపోతే ఇక ఆ రోజు ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదట.

“నాన్నా, ఆయనకి నూరు రావాలి. తక్కువొచ్చిందంటే నా పెళ్ళి అటకెక్కినట్టే,” అంది డివినా.

“నేనున్నాను కదే, నీకెందుకు భయం!”

గౌదెన్సియో గోడకు టీవీ బిగించాడు. మూలల్లో స్పీకర్లు పెట్టాడు. కప్పు చుట్టూ రంగుల లైట్ల పట్టీ అతికించి పెట్టెకు కలిపాడు. మార్కులు బాగా వస్తే బంగారు వెలుగు, బాకాల మోత. తక్కువొస్తే ఎర్రటి వెలుగు, కప్ప బెకబెక. ఆంప్లిఫయర్‌లో కొత్త నీలం మైకు మీటను పూర్తిగా పెంచాడు. టేపు చుట్టిన పాత మైకు మీటను అడుక్కి దించాడు. ఆ పాతది తన కోసం.

ఇంత తెలివైనవాడు ఒక్క సంగతి మరిచాడు. మంచి వస్తువు ఇవ్వగానే అందుకునే అతిథిని మా వాళ్ళు ఆశపోతు అంటారు. పళ్ళెంలో చివరి ముక్క ఎప్పుడూ మిగిలిపోయే దేశం మాది.

“కపితాన్, ఈ మైకు మీకే,” అన్నాడు గౌదెన్సియో, భోజనాలు కాగానే నీలం మైకు చాపుతూ.

“అయ్యో, కొత్తది ఇంటాయనకుండాలి బావగారూ. నాకీ పాతది చాలు.”

“మీరు తీసుకోకపోతే మాకు మర్యాద కాదండీ.”

“తీసుకుంటే నాకు మర్యాద కాదు.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను, తీసుకోండి!”

“చూశావటే, ఎంత మంచి మనుషులో!” అని కపితాన్ భార్యతో అని, పాత మైకు లాక్కున్నాడు.

గౌదెన్సియో మీటలు మారుద్దామని ఆంప్లిఫయర్ దగ్గరికి పరుగెత్తాడు. దాని ముందు అత్తగారు కుర్చీ వేసుకుని, ఒళ్ళో పన్సిత్ నూడుల్స్ పళ్ళెంతో కూర్చుని ఉంది.

“అత్తయ్యా, కాస్త జరుగుతారా?”

“తింటున్నదాన్ని లేపుతావుటయ్యా? ఇందుకేనా నీకు పిల్లనిచ్చింది?”

ఈలోగా పాట మొదలైపోయింది. కపితాన్ కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని ప్రాణం పెట్టి పాడాడు. వాయిద్యాల హోరులో ఆయన గొంతు దోమ మూలిగినట్టు వచ్చింది. పాట అయింది. టీవీలో ముప్ఫయ్యొకటి పడింది. ఇల్లంతా ఎర్రబడింది, కప్ప అరిచింది.

“కప్ప బాగా పాడింది,” అంది అత్తగారు.

కపితాన్ మొహం లైటుకంటే ఎర్రగా ఉంది. “లోపం పెట్టెలో ఉందా, నాలో ఉందా? మీరూ పాడండి బావగారూ, తేలిపోతుంది.”

గౌదెన్సియో నీలం మైకును మూరెడు దూరంలో పట్టుకున్నాడు. మార్కులు రాకూడదని రెండు మాటలు గొణిగి, దగ్గి, ఊరుకున్నాడు. ఆ దగ్గుకి కిటికీలు అదిరాయి. తొంభై తొమ్మిది! బంగారు వెలుగు, బాకాలు. కపితాన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. డివినా ఏడుపు మొహంతో తండ్రిని చూసింది. ఇక దాచి లాభం లేదని ఆయన మీటల సంగతంతా కక్కేశాడు.

“అంటే, సాయం లేకపోతే నాకు నూరు రాదనా మీ ఉద్దేశం?” కపితాన్ గర్జించాడు. “ఆపండి పెట్టె! ఆపండి లైట్లు! ఉత్త గొంతులతో తేల్చుకుందాం.”

టోపీతోనే అదే పాట పాడాడు. రాగం ఒక దారిన, ఆయన ఒక దారిన వెళ్ళారు. రోడెల్ నేల చూశాడు, వాళ్ళమ్మ కప్పు చూసింది.

“ఇప్పుడు మీరు.”

కిటికీల దగ్గర పేట మొత్తం మూగింది. చర్చిలో ఆయన వెనక పాడేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. సరిగ్గా పాడితే సంబంధం పోతుంది. గౌదెన్సియో ఒక్కసారి కూతురి వైపు చూసి, గొంతెత్తాడు.

మొదటి చరణంలోనే స్వరం విరిచేశాడు. రెండోదానిలో తాళాన్ని తుంగలో తొక్కాడు. పైస్థాయిలో పిల్లి తోక తలుపులో పడ్డట్టు కీచుమన్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ గొంతు వింటున్న భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి ఎవరో “జ్వరమేమో పాపం” అన్నారు. ఆ మాట ఆయనకు కత్తిలా దిగింది. అయినా ఆపలేదు, చివరిదాకా తప్పే పాడాడు. పాట సాగేకొద్దీ కపితాన్ మొహం విప్పారింది.

“నలభై,” అన్నాడు కపితాన్, టోపీ తీసి బల్ల మీద పెడుతూ. “సరే, నలభై రెండు వేసుకోండి. గొంతుంది బావగారూ, నేర్పినవాళ్ళు లేరంతే. పిల్లలకి ముహూర్తం పెట్టేసుకుందాం. పెళ్ళయ్యాక ప్రతి ఆదివారం మా ఇంటికి రండి, నేను నేర్పుతాను.”

డివినా వచ్చి తండ్రిని వాటేసుకుని, వెక్కుతూ చెవిలో అంది, “నాన్నా, ప్రతి ఆదివారం ఇలాగే పాడతావా?”

“పాడతానే తల్లీ,” అన్నాడు గౌదెన్సియో కళ్ళు తుడుచుకుంటూ. “ఇదే అలవాటైపోతుందేమోనని ఒక్కటే భయం.”