శుక్రవారం బొట్టు

తాండూర్ల మా విత్తనాల దుకాణం కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్ పోయి నాలుగేండ్లాయె. పెన్‌డ్రైవ్ పెడితెనే నడుస్తది. ఏ రైతుకు ఏ కంది విత్తనమిచ్చినమో, ఏది మొలిచిందో అన్నీ అండ్లనే ఉన్నయి.

ఇయ్యాల కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి, పాతదాంట్లకెల్లి ఆ వివరాలన్నీ దాంట్లకు మార్చాలె. రెండూ ఒకే తీరు నల్లయి. అయినా నాకు ఫికర్ లేకుండె. మా అత్తమ్మ వసంతమ్మ ప్రతి శుక్రవారం కాంటాకు, కంప్యూటర్‌కు, పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెడ్తది. బొట్టున్నదే పాతది.

పెద్దేముల్ రైతు హన్మయ్య వచ్చి నిలబడ్డడు.

"పోయినేడు ఇచ్చిన విత్తనమే ఇయ్యి బిడ్డా, మస్తు మొలిచింది."

"జర ఆగు కాకా, చూసి చెప్త."

బొట్టు లేనిదాన్ని నా ల్యాప్‌టాప్‌కు పెట్టిన. అంతా తుడిచెయ్యాల్నా అని అది అడిగితే, తెరిచి చూడకుండనే అవునని నొక్కిన. నా బుద్ధి గడ్డి తిన్నది.

కొత్త వెర్షన్ ఎక్కినంక బొట్టున్నదాన్ని తెరిచిన. ఖాళీ. అండ్ల ఒక్క అక్షరం లేదు.

అప్పుడే అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకొని వచ్చింది.

"శుక్రవారం గదా అనూషా, పొద్దున పాతదాని బొట్టు తుడిచి, ముందుగాల కొత్తదానికి పెట్టిన. గంతల ఫోనొచ్చింది. ఇగ దీనికి గూడ పెడ్త, ఇటియ్యి."

నేను తుడిచేసిన పెన్‌డ్రైవ్‌కు ఆమె మెల్లగ బొట్టు పెట్టి, కండ్లకద్దుకుంది.

హన్మయ్య సంచి మూతి తెరిచి పట్టుకున్నడు.