సామ్యేలు బెంచీలకు పట్టిన చెద

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలు చదువుతూ సంఘం సెక్రటరీ రాజ్ కుమార్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ముందు మూడు బెంచీలకి చెద పట్టేసిందండి. ఆ రోజుల్లో వీటిని చేసిన సామ్యేలు మేస్త్రి పచ్చి కర్ర వేసేశారు. ఆ చెద మిగతావాటికి పాకకముందే, వచ్చే ఆదివారం ఆ మూడూ తగలబెట్టేద్దాం" అన్నాడు.

ఆడవాళ్ల వైపు కూర్చున్న సంపూర్ణమ్మకి ఒళ్లంతా మండిపోయింది. సామ్యేలు ఆవిడ మొగుడు. పోయి ఆరేళ్లయింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, సామ్యేలుకి మాత్రం ఉన్న కళ్లు కూడా పీకేశారు. పచ్చి కర్రంట! నల్లతుమ్మ మానులు కాలువ బురదలో ఏడాది నానబెట్టి, ఇంకో ఏడాది నీడపట్టున ఆరబెట్టి గానీ రంపం వెయ్యని మనిషి. ఆ బురదకంపు భరించలేక కొత్త కోడలిగా ఆవిడ ఎన్నిసార్లు ముక్కు మూసుకుందో దేవుడికే తెలుసు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత. మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. సంపూర్ణమ్మ ఆ నవ్వుని ఇంటిదాకా మోసుకెళ్లింది.

కూతురు క్రిస్టినా పాలకొల్లులో జువాలజీ లెక్చరరు. ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా బస్సు దిగింది. ఇద్దరూ గుడికి వెళ్లారు. తాళాలు ఎలాగూ సంపూర్ణమ్మ దగ్గరే ఉంటాయి, పదేళ్లుగా గుడి ఊడ్చేది ఆవిడే. క్రిస్టినా మోకాళ్ల మీద కూర్చుని బెంచీ కింద రాలిన పొడిని అరచేతిలోకి తీసుకుంది.

"అమ్మా, బెంచీ కాళ్లకి ఎక్కడైనా మట్టి గూడు కనబడిందా?"

"లేదే. మట్టి ఉంటే నాకు తెలీదా?"

"అయితే ఇది నేలలోంచి వచ్చిన చెద కాదు. ఇలా చూడు, గసగసాల్లా ఉన్నాయి. ఒక్కో గింజకి ఆరు పలకలుంటాయి. ఎండు కర్ర తినే చెద వేసే రెట్ట ఇది."

చెదలు చీమలకి చుట్టాలే కావంది క్రిస్టినా. వాటి వంశం బొద్దింకల వంశమట. పదిహేను కోట్ల ఏళ్లనాడే ఆ ఇంట్లోంచి వేరుపడ్డాయట. కొన్ని మట్టిలోకి దిగి పుట్టలు పెట్టాయి. కొన్ని మాత్రం కర్రలోనే పుట్టి, కర్రలోనే పెళ్లాడి, కర్రలోనే చస్తాయి. వాటికి నీళ్లక్కర్లేదు, నేలక్కర్లేదు. సముద్రంలో కొట్టుకొచ్చే దుంగల్లో దీవులు దాటాయి, తర్వాత ఓడల్లో దేశాలు దాటాయి.

"నాన్న కర్ర మంచిదే అమ్మా. ఏ పాత సామానులోంచో రెక్కలొచ్చిన చెదపురుగులు ఎగిరొచ్చి ఇందులో కాపురం పెట్టాయి. ఈ గుడిలోకి బయటినుంచి ఏం వచ్చింది?"

సంపూర్ణమ్మ బలిపీఠం పక్కకి చూసింది. అక్కడ పాస్టరుగారి పెద్ద కుర్చీ ఉంది. విరగ్గొట్టిన ఓడ సామాను వేలం వేస్తుంటే రాజ్ కుమార్ వాళ్ల నాన్నగారు ముచ్చటపడి కొని గుడికిచ్చారు. ఆయన పోయాక దానికి ఇత్తడి పలక కూడా తగిలించారు. దాని కింద రోజూ ఇసకలాంటిది రాలుతూనే ఉండేది. పాస్టరుగారి కాళ్లకి అంటుకొచ్చిన ఇసకే అనుకుంది ఆవిడ. ఇన్నేళ్లుగా సాక్ష్యాన్ని తన చేత్తో తనే చేటలోకెత్తి పారబోసింది. తలబాదుకోవాలనిపించింది.

మర్నాడే రాజ్ కుమార్ ఇంటికి వెళ్లి చెప్పింది. అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అది మా నాన్నగారి జ్ఞాపకమండి. దాన్ని ముట్టుకుంటే ఊరుకోను."

"బెంచీలు మా ఆయన జ్ఞాపకం కాదా బాబూ?"

"మీ అమ్మాయి నాలుగు పుస్తకాలు చదివిందని సంఘం మీదకొస్తారా? ఆ కుర్చీ జోలికి మాత్రం వెళ్లకండి."

"సరే, వెళ్లను" అంది సంపూర్ణమ్మ. అన్నట్టే వెళ్లలేదు. ఆ వారమంతా గుడి మొత్తం అద్దంలా ఊడ్చింది గానీ, కుర్చీ కింద మాత్రం చీపురు పెట్టలేదు.

ఆదివారం వచ్చింది. ప్రకటనల వేళకి రాజ్ కుమార్ నోరు తెరవకముందే సంపూర్ణమ్మ లేచి బలిపీఠం దగ్గరికి నడిచింది. ఆడవాళ్లు అంతదూరం వెళ్లే అలవాటు ఆ గుడిలో లేదు. "పాస్టరుగారూ, ఒక్కసారి లెగండి" అంది. ఆయన కంగారుగా లేచారు. కుర్చీ కింద నేలమీద గుప్పెడు గింజలు కుప్పగా ఉన్నాయి.

"ఇది మా ఆయన చేసిన కుర్చీ కాదు" అంది గుడంతా వినబడేలా. "వారం రోజులు ఊడవలేదు, అంతే. కావాలంటే వంచి చూసుకోండి."

రాజ్ కుమార్ ముందుకు దూకాడు గానీ, ఈలోగా పాస్టరుగారే కుర్చీ వంచారు. కాలి బెజ్జాల్లోంచి పొడి జలజలా రాలింది. గుడిలో ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాజ్ కుమార్ మొహం కందిపోయింది. "సరేనండి, దీన్నీ కాల్చేద్దాం. ఇక గొడవెందుకు?" అన్నాడు లోగొంతుకతో.

"మీ నాన్నగారిది తప్పని నేననను. పాపం, ఆయనకేం తెలుసు. ఇన్నేళ్లు ఊడ్చిన నాకే తెలీలేదు. కానీ మా ఆయన మాట మీరు మైకులో అన్నారు. చెవిలో చెప్తే నాకొద్దు."

"ఇంతమంది ముందా అమ్మా..."

"పోయిన వారం ఇంతమందే ఉన్నారు."

సంపూర్ణమ్మ వెళ్లి చెద పట్టిన మొదటి బెంచీ మీద కూర్చుంది. పాస్టరుగారు మైకు తీసి రాజ్ కుమార్ చేతికిచ్చారు.

అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "సామ్యేలుగారు వేసింది మంచి కర్రేనండి. చెద మా కుర్చీలోంచి వచ్చింది. నేను తెలీకుండా అన్నాను."

సంపూర్ణమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కొంగు నడుముకి బిగించి, మొగుడు చేసిన బెంచీకి ఒక కొస తనే ఎత్తింది.

"ఇప్పుడు పట్టండి. బయట పెట్టి కాల్చేద్దాం."