తలుపు దగ్గర అర సెకను

"ఓడిపోయొచ్చీ. ఎవలికి తెలుస్తాది?" అన్నాడు మా ఆయన, రెండో ఇడ్లీ మీద చట్నీ వేయించుకుంటూ.

ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను చట్నీ గిన్నె మీద మూత పెట్టి "సరే" అన్నాను. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. "వద్దని నేనన్లేదు, గుర్తెట్టుకో. రేపు మీ ఎస్సై గారడిగితే నా పేరు సెప్పకు. వెళ్ళు, కాల్చు, కొంచెం నిదానంగా కాల్చు. సెలక్షన్ రాలేదంటే గొడవే లేదు. అమ్మకి మోకాళ్ళు అలాగున్నాయి, నెల్రోజులు నాన్నకి ఎవలొండుతారు?" అన్నాడు. మా ఆయన ఫణీంద్ర పాడేరులోనే ఒక ఆఫీసులో క్లర్కు. తన సంతకం పడకుండా పని జరిపించడం అక్కడే నేర్చుకున్నాడు.

నేను కానిస్టేబుల్ని. రాష్ట్ర పోలీసు పోటీల్లో ప్రాక్టికల్ పిస్టల్‌కి మా జిల్లా నుంచి ఒకే ఒక్క ఆడమనిషిని పంపిస్తారు. వెళ్ళే మనిషికి ముందు నెల రోజుల క్యాంపు ఉంటుంది. ఆ మనిషిని తేల్చే సెలక్షన్ ఆ రోజే, పదకొండు గంటలకు. ఇది నిలబడి ఒక్క బొమ్మని కాల్చే పోటీ కాదు. చెక్క గోడలు, కిటికీలు, తలుపు ఫ్రేములు కట్టి, మధ్యలో తారుపీపాలు పెడతారు. టైమరు బీప్ అనగానే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెడుతూ అట్టబొమ్మల్ని కాల్చాలి. గురి తప్పితే సెకన్లు కలుపుతారు, తప్పకపోయినా ఆలస్యమైతే వెనకపడిపోతాం. నాకు గురి తప్పదు. నాలుగేళ్ళ నుంచి ఒక్క గుండూ తప్పకుండా ఓడిపోతున్నాను.

"కాల్సడం నీకొచ్చమ్మా, ఎళ్ళడం రాదు," అనేవాడు పైడయ్య. ఆయన హెడ్ కానిస్టేబులు, రిటైర్మెంటుకి ఏడాది ఉంది, మాకు పిస్టలు నేర్పేది ఆయనే. "ఆగి, సూసి, పిస్టలెత్తి, అప్పుడు కాలుత్తన్నావు. అలగ కాదు. కాళ్ళింకా కదుల్తుండగానే పిస్టలు కంటి ముందుండాల. ఆఖరి రెండడుగులూ సిన్నయి ఎయ్యి, మోకాళ్ళు వంచుంచు. కాల్సడం అయిపోనాదా, ఇంక బొమ్మకేసి సూడకు, బేగి ఎళిపో." నెత్తి మీద నీళ్ళబిందె ఉన్నట్టు తల ఊగకుండా పరుగెత్తమని కూడా చెప్పాడు. అది నాకు కొత్త కాదు. మాది హుకుంపేట దగ్గర కొండ మీద ఊరు. ఊరి కింద పారే గెడ్డ నుంచి ఇంటికి అలా నడుస్తూనే పెరిగాను. మూడు నెలల్లో ఆయన చెప్పినవన్నీ వచ్చాయి. టైము మాత్రం తగ్గలేదు.

పది రోజుల కిందట ఆయన నా పరుగును ఫోన్లో తీసి, మెల్లగా తిప్పి చూపించాడు. తెర మీద నేను బాగానే పరుగెడుతున్నాను. తలుపు ఫ్రేము వచ్చింది. లోపలికి వెళ్ళే ముందు నా కాలు ఆగింది. పిస్టలు మీద నుంచి ఎడమచెయ్యి లేచింది, భుజం దాకా వెళ్ళింది, అక్కడ లేని దేన్నో సర్దింది, తిరిగొచ్చింది. అప్పుడు లోపలికి వెళ్ళి కాల్చాను. రెండో తలుపు దగ్గరా అంతే. కిటికీ దగ్గర, తారుపీపా దగ్గర అలా లేదు. తలుపుల దగ్గరే.

"అక్కడేటి సేత్తన్నావమ్మా? దోమ కుట్టిందేటి?" అన్నాడు పైడయ్య.

నేను చున్నీ సర్దుకుంటున్నాను. యూనిఫారం, బెల్టు, బూట్లు వేసుకుని, తూటాలు నింపిన పిస్టలు చేత్తో పట్టుకుని, లేని చున్నీ సర్దుకుంటున్నాను.

మా అత్తవారిది మాడుగుల వైపు. వాళ్ళింట్లో కోడలు మామగారి ఎదటికి రాకూడదు. ఆయన హాల్లో ఉంటే తలుపు వెనక ఆగాలి, భుజం మీద బట్ట సర్దుకోవాలి, గాజులు చప్పుడు చెయ్యాలి. ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటే అప్పుడు గోడ వారగా వెళ్ళిపోవాలి. మా ఊళ్ళో కష్టాలు వేరేవి ఉన్నాయి గానీ ఇది లేదు. సంతకి వెళ్ళేటప్పుడు మా అమ్మ మా తాత కంటే ముందు నడిచేది. అందుకే పెళ్ళయిన కొత్తలో తెలియక చీపురు పట్టుకుని సరాసరి హాల్లోకి వెళ్ళిపోయాను. "మీ కొండల్లో సెల్లుతాది గావాల, మా ఇళ్ళల్లో సెల్లదు," అంది అత్తగారు. మామగారు సర్వేశ్వరరావు గారు ఏమీ అనలేదు. ఎనిమిదేళ్ళుగా ఏమీ అనలేదు, నా పేరుతో సహా. డ్యూటీలో కుదరవని నేను గాజులు తీసేసినప్పుడు, "పోనీ దగ్గు, సాలు," అని ఆవిడ పెద్ద మనసు చేసుకుంది. నేను పన్నెండు గంటలు బందోబస్తులో నిలబడి వచ్చి, పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి దూరి, వంటింటి తలుపు దగ్గర దగ్గుతాను. బాత్రూము హాలుకి అవతల ఉంది. ఆయనకి వినబడేదాకా ఆపుకుంటాను. మేమందరం ఉండే ఆ పోలీసు క్వార్టరు నా ఉద్యోగానికి ఇచ్చింది. గోడ మీద బోర్డు మాత్రం వాళ్ళబ్బాయి పేరుతో ఉంటుంది.

వీడియో చూశాక కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. చన్నీళ్ళలో చాలాసేపు ఉంచిన చెయ్యిలా ఉంది లోపలంతా. "మళ్ళీ పరుగెడతాను సార్," అన్నాను. ఆ పది రోజులూ ఇంట్లో రెండు చేతులతో నీళ్ళసీసా పట్టుకుని వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి నడిచాను. ఆ గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్ళడం వచ్చేసింది. హాలు తలుపు దగ్గర ఒక్కసారే ప్రయత్నించాను. కాలు దానంతటదే ఆగిపోయింది. అప్పుడు హాల్లో ఎవరూ లేరు. మామగారు గుడికి వెళ్ళారు. నేను ఖాళీ కుర్చీ కోసం ఆగాను.

సెలక్షన్ రోజు నేను ఫైరింగ్ రేంజికి చేరేసరికి మంచు విడిపోయింది. ముందు సౌందర్య పరుగెత్తింది. అరకు స్టేషన్ పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు, చురుకైన కాళ్ళు. ఇరవై ఒక్క సెకన్లు, గుళ్ళన్నీ బొమ్మల్లోనే. నేను ఎప్పుడూ ఇరవై రెండుకి తగ్గలేదు. నా వంతు వచ్చాక గీత మీద నిలబడి మా ఆయన మాట గుర్తు చేసుకున్నాను. కొంచెం నిదానంగా. అందులో కష్టమేమీ లేదు. గురి తప్పించక్కర్లేదు, కాలు జారి పడక్కర్లేదు, దొంగాట ఏదీ ఆడక్కర్లేదు. రెండు తలుపుల దగ్గర, ఇంట్లో ఆగినట్టు ఆగితే చాలు. సౌందర్య క్యాంపుకి వెళ్తుంది, సాయంత్రం నేను పప్పు పొయ్యి మీద పెడతాను.

బీప్ మోగింది. కిటికీలోంచి రెండు బొమ్మలు కాల్చి పరుగెత్తాను. మొదటి తలుపు వచ్చింది. ఎడమచెయ్యి భుజం వైపు లాగింది. ఆ లాగడం నాకు స్పష్టంగా తెలిసింది. పిస్టలు బిగించి పట్టుకున్నాను, కాళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి. లోపల మనిషెత్తు అట్టబొమ్మ ఉంది. దగ్గలేదు. కాల్చాను. అది తగిలిందో లేదో చూడకుండా పీపా దగ్గరికి వెళ్ళాను. రెండో తలుపు దగ్గర చెయ్యి లాగనే లేదు.

ఇరవై పాయింట్ ఎనిమిది. ఒక్క గుండూ తప్పలేదు.

"అదీ! అదమ్మా గుంటా!" అని పైడయ్య రేంజి అంతా వినబడేలా అరిచాడు. సౌందర్య వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, తలుపు ఉందని కూడా సూడలేదు కదక్కా నువ్వు," అంది. ఓడిపోయిన పిల్ల నవ్వుతోంది. నాకు సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. అరచేతులు మాత్రం వేడిగా ఉన్నాయి.

పైడయ్య క్యాంపు ఫారం తెచ్చి టేబులు మీద పెట్టాడు. "ఎల్తావో లేదో ఇప్పుడే రాసీయాల. నువ్వెల్లకపోతే సౌందర్య పేరు పంపాల. ఇంట్లో అడుగుతావేటి?" అన్నాడు. ఆయన తప్పుగా అనలేదు, అందరినీ అలాగే అడుగుతాడు. మగవాళ్ళని తప్ప. నేను పెన్ను తీసుకునేలోపు ఫోను మోగింది.

"అయిపోనాదా? ఎవలికొచ్చింది?" అన్నాడు మా ఆయన.

"నాకేనండి."

ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించాడు. "పొద్దుట నీకేటి సెప్పేను? సరే అన్నావు కదా?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, 'సమ్మతమే' అన్న చోట నా పేరు హేమలత అని రాశాను. అక్షరాలు వంకర పోలేదు.

"నాలుగేళ్ళ నుంచి మీరు సెప్పకుండానే ఓడిపోయానండి," అన్నాను. "ఇవాళ సెప్పినాక సేతకాలేదు."