మూడు దాటాక కాసేపు

బైండరు ప్రతి ఉదయం తొమ్మిదింటికి గ్రంథాలయం వెనక గదికి వచ్చి, కిటికీ తెరిచి, స్టవ్వు మీద పిండి జిగురు కాచేవాడు. అది చిక్కబడేలోగా, ముందురోజు ప్రెస్సులో బిగించిన పుస్తకాలను ఒక్కొక్కటే బయటికి తీసి, వెన్ను మీద బొటనవేలు రాసి చూసుకునేవాడు. ఏడు నెలలుగా ఈ క్రమంలో వచ్చిన మార్పు ఒక్కటే. గదిలో ఉన్న ఒకే ఒక చెక్క కుర్చీ మీద, కుట్టవలసిన పుస్తకాల దొంతర ఎప్పుడూ ఉండేది. అవి కుట్టడం పూర్తయిన మరుక్షణం వాటి స్థానంలో వేరేవి పెట్టేవాడు. అది అతని భార్య కుర్చీ. ఇరవై ఆరేళ్లు ఆమె అందులో కూర్చునే పుస్తకాలు కుట్టింది. అతడు మొదటి నుంచీ నిలబడి పనిచేసే మనిషి.

అలాంటి కుర్చీలే ముందు గదిలో, అంటే పఠన మందిరంలో, మరో తొమ్మిది ఉన్నాయి. వాటి చుట్టూ తాడు కట్టి ఉంటుంది. ఏటి అవతలి పేట వాళ్లకు ఒకప్పుడు ఆ గ్రంథాలయంలో పుస్తకమైతే ఇచ్చేవారు, కూర్చోనిచ్చేవారు కాదు. వరండాలో నిలబడి, కిటికీ గట్టుకు పుస్తకం ఆనించి చదువుకోవాలి. యాభై ఏళ్ల కిందట ఒకనాటి ఉదయం పదింటికి ఆ పేట నుంచి తొమ్మిది మంది మగవాళ్లు లోపలికి వచ్చి, పొడవాటి బల్ల దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మూడింటికి పోలీసులు వాళ్లను వ్యానులో ఎక్కించారు. ఆనాటి నుంచి ఆ కుర్చీల్లో ఇంకెవరు కూర్చున్నా అయిదు గంటలు నిండేదాకా లేవలేరు. కూర్చున్న మనిషితో సహా ఎత్తబోతే ఎత్తేవాళ్ల నడుములు పట్టేసేవే గాని, కుర్చీ అంగుళం కదిలేది కాదు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. ఒకసారి ఓ పురపాలక అధ్యక్షుడు ఫొటో కోసం తాడు దాటి కూర్చుంటే, ఇంటి నుంచి క్యారేజీ తెప్పించి అక్కడే భోజనం పెట్టారు. ఇటువంటివి రాసుకోవడానికి గ్రంథపాలకురాలి బల్ల సొరుగులో ఒక రిజిస్టరు ఉంది. పేరు, కుర్చీ సంఖ్య, కూర్చున్న వేళ, లేచిన వేళ.

గోడ మీది ఫలకంలో తొమ్మిది పేర్లున్నాయి. పదో పేరు లేదు. పదో మనిషి బైండరు భార్య. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు. పటాల బీరువాల వెనక, ఆడవాళ్ల కోసమని వేసిన చిన్న బల్ల దగ్గర ఆమె కూడా సరిగ్గా పదింటికే కూర్చుంది. ఆడమనిషి మీద మగ పోలీసులు చెయ్యి వేయకూడదన్న నియమం ఉండడంతో వ్యాను తొమ్మిది మందితోనే వెళ్లిపోయింది. తరువాత ఎక్కడి నుంచో ఒక ఆడ పోలీసును తీసుకొచ్చారు. ఆవిడ వచ్చి, వేళయిపోయింది, ఇంటికి వెళ్లమంది. ఆమె వెళ్లింది. అరెస్టు కాలేదు కనుక స్టేషను రికార్డులో పేరు లేదు. రికార్డులో లేదు కనుక ఫలకం మీద లేదు.

పెళ్లయిన కొత్తలో బైండరు ఒకసారి అడిగాడు, వాళ్లందరూ వెళ్లిపోయాక ఎంతసేపు కూర్చున్నావని.

"కాసేపు," అంది ఆమె, పంటితో దారం తెంపుతూ.

మళ్లీ అడగలేదు. చాలా ఏళ్ల తరువాత గ్రంథాలయంలో కుట్టుపని దొరికినప్పుడు, పాత సామాను గదిలోంచి ఆమె తన కుర్చీని తానే వెతికి తెచ్చుకుంది. మొదట కూర్చున్న మనిషిని ఆ కుర్చీలు పట్టి ఉంచేవి కావు కనుక, కూర్చోవడానికీ లేవడానికీ ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఇంకెవరినైనా అందులో కూర్చోబెట్టి చూపిస్తే చాలు గదా, ఫలకం సంగతి తేలిపోతుందని బైండరు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "నా మాట నిజమని చెప్పడానికి ఎవరినో ఒక పూట కట్టిపడేయాలా? వాళ్లకు పనులుండవూ?"

అందువల్ల అతడు అర్జీలు రాశాడు. ఏటా అదే తేదీన జరిపే పౌరహక్కుల వారసత్వ దినాన నాయకులు స్వయంగా వచ్చి, వేదిక దిగి, జనంతో కరచాలనం చేసేవారు. అతడు వరుసలో నిలబడి కాగితం ఇచ్చేవాడు. మొదటి ఏడు ఒకాయన చెయ్యి పట్టుకుని తప్పకుండా అన్నాడు. కార్యక్రమం ముగిశాక, నాలుగు మడతలు పడిన ఆ కాగితం మైకు బల్ల కాలి కింద కనబడింది. బైండరు దాన్ని మడతలు విప్పి, రాత్రంతా ప్రెస్సులో బిగించి చదును చేసి, మరుసటి ఏడు మళ్లీ ఇచ్చాడు. ఆ ఏడు వచ్చినాయన పింఛను అందుతోందా అని అడిగి, జవాబు వినకుండానే ముందుకు నడిచాడు. మూడో ఏడు వచ్చిన శాసనసభ్యుడు అతణ్నే ఆ తొమ్మిది మందిలో ఒకడనుకుని భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. మర్నాడు పత్రికలో పోరాట యోధుడని అతని బొమ్మ పడింది.

"మీరూ కూర్చున్నారని నాకు చెప్పనే లేదే," అని ఆమె రెండు రోజులు నవ్వింది.

అలా ఏడు అర్జీలు. ఏడోది ఇచ్చిన కొన్నాళ్లకే ఆమె పోయింది.

ఆమె పోయాక, ఆ కుర్చీలో తానే కూర్చుని చూడవచ్చునని అతనికి తోచకపోలేదు. ఒక సాయంత్రం పుస్తకాల దొంతర దించి, చాలాసేపు దాని ముందు నిలబడి, మళ్లీ పుస్తకాలు ఎత్తి పెట్టేశాడు. ఆమె మాట మీద అతనికి అనుమానం లేదు. అయినా, కూర్చున్నవాడు తేలిగ్గా లేచి నిలబడగలిగితే ఆ తరువాతి రోజులు ఎలా గడపాలో అతనికి తెలియలేదు.

యాభయ్యో వార్షికోత్సవానికి మంత్రి వచ్చాడు. అంతకుముందు రెండుసార్లు వచ్చినవాడే. వేదిక మీద ఆయన కోసం వేసిన సోఫా, పక్కనున్న తొమ్మిది పాత కుర్చీల ముందు పెళ్లివారి సామానులా ఉందని ఆయన పి.ఏ.కు అనిపించింది. ఫొటోలో అన్నీ ఒకే తరహాలో ఉండాలని అతడు భవనమంతా గాలించి, చివరికి బైండరు గదిలో దూరాడు. పుస్తకాల దొంతరను నేల మీదికి దించాడు.

"అది కూర్చునే కుర్చీ కాదు బాబూ," అన్నాడు బైండరు.

"మరి బట్టలు ఆరేసుకునేదా?"

"నా భార్యది."

"ఆవిడకు సోఫా వేయిస్తాం, సరేనా? గంటలో తెచ్చి ఇక్కడే పెడతాను, పెద్దాయనా."

బైండరు చేతులు మణికట్టు దాకా జిగురు. ఆ చేతులతో కుర్చీ పట్టుకుని లాగలేకపోయాడు. జిగురు చేతులతోనే వెనక నడిచి, పఠన మందిరంలో పటాల బీరువాల దగ్గర నిలబడిపోయాడు. పదీ ఇరవైకి మంత్రి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఉపన్యాసాలు గంట దాటి సాగాయి. తొమ్మిది మందిలో మిగిలిన ఒక్కడు, అందరూ పొడుగాయన అని పిలిచే వృద్ధుడు, ప్రతి ఏడూ చెప్పేదే చెప్పాడు. తరువాత మంత్రిని మాట్లాడమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మంత్రి మోకాళ్ల మీద చేతులు ఆన్చి ముందుకు వంగాడు. లేవలేదు. చప్పట్లు ఆగిపోయి, మళ్లీ కొంచెం మొదలై, పూర్తిగా ఆగాయి. పి.ఏ. వంగి చెవి దగ్గర ఏదో అడిగాడు. మంత్రి పళ్ల బిగువున ఏదో చెప్పాడు.

గ్రంథపాలకురాలు తాడు కట్టిన తొమ్మిది కుర్చీల వైపు చూసింది. తొమ్మిదీ ఖాళీగానే ఉన్నాయి. ఆమె వెళ్లి సొరుగులోంచి రిజిస్టరు తెచ్చింది. మంత్రి పేరు రాసింది. కుర్చీ సంఖ్య దగ్గర కలం ఆగింది. తల ఎత్తి బీరువాల దగ్గరున్న బైండరును చూసింది. తరువాత, ఆ గడిలో అంతవరకు ఎవరూ రాయని పది అంకె వేసింది. ఆరిన జిగురుతో బిగిసిన చేతులను బైండరు బీరువాకు ఆన్చి, నేల మీద కూర్చున్నాడు.

కూర్చుని పోరాడినవారి గొప్పతనం గురించి మంత్రి కూర్చునే మాట్లాడాడు. పి.ఏ. వేళ్లు మడిచి లెక్క వేసి, మూడూ ఇరవైకి విడుదల అని ప్రకటించి, మధ్యాహ్నపు కార్యక్రమాలన్నీ వెనక్కి జరిపాడు. మంత్రి రెండో గ్లాసు తరువాత మంచినీళ్లు తాగడం మానేశాడు.

మూడూ ఇరవైకి కారు స్టార్టు చేసి తలుపులు తెరిచి ఉంచారు. మంత్రి పాదాలు నేలకు తన్నిపట్టాడు. ఏమీ కాలేదు. మూడున్నరకు పి.ఏ. గోడ గడియారాన్ని తప్పుపట్టాడు. గడియారం సరిగ్గానే ఉందని గ్రంథపాలకురాలు చెప్పింది.

"అయిదు గంటలే కదమ్మా రూలు?"

"ఆ రూలు తాడు కట్టిన తొమ్మిది కుర్చీలకు సార్. దీనికి ఎంతో మాకు తెలీదు."

అందరూ బైండరు వైపు తిరిగారు. ఏడేళ్లలో వాళ్లందరూ ఒక్కసారిగా అతని వైపు చూడడం అదే మొదలు.

"కాసేపు అని చెప్పింది," అన్నాడు అతడు.

"కాసేపంటే ఎంతయ్యా?" అన్నాడు మంత్రి.

"నాకూ తెలీదండి."

నాలుగయ్యేసరికి జనం పలచబడ్డారు. శాసనసభ్యుడికి అత్యవసరమైన పని ఒకటి గుర్తొచ్చింది. కొత్త వంతెన దగ్గర రిబ్బను పట్టుకుని నిలబడ్డవాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారని, వాళ్లకు నచ్చజెప్పి రావడానికి పి.ఏ. కారెక్కాడు. పొడుగాయన వెళ్తూ వెళ్తూ బైండరు ముందు ఆగాడు. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగుతున్నా కదలలేదు.

"ఆమె కూడా కూర్చుందా అని ఏటా నువ్వు అడిగితే నాకు తెలీదన్నాను. అబద్ధం కాదురా తమ్ముడూ. ఆ రోజు నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సింది."

మందిరంలో ముగ్గురు మిగిలారు. మంత్రి ఫోనులో చార్జింగు అయిపోయింది. కాళ్లు చాపాడు, ముడుచుకున్నాడు, పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు. చివరికి, ఇది గ్రంథాలయమే కదా, చదవడానికి ఏదైనా ఇవ్వండి అని విసుక్కున్నాడు. గ్రంథపాలకురాలు ఒక ఫైలు తెచ్చి ఒళ్లో పెట్టింది. అందులో ఏడేళ్ల అర్జీలున్నాయి. ఏటా కార్యక్రమం ముగిశాక కుర్చీల కింద, బల్లల మీద దొరికినవాటిని ఆమె ఏరి దాచింది. మంత్రి మొదటిది ఆదరాబాదరాగా చదివాడు. తరువాతివి నెమ్మదిగా చదివాడు.

"వీటిలో నాకు ఇచ్చినవి ఉన్నాయా?"

"రెండున్నాయండి," అన్నాడు బైండరు.

"నేనేమన్నాను?"

"తప్పకుండా అన్నారు."

"రెండుసార్లూనా?"

"రెండోసారి తప్పకుండా, తప్పకుండా అన్నారు."

మంత్రి ఫైలు మూసి, మళ్లీ తెరిచాడు. కొంతసేపటికి, ఎవరి మీదో తెలియని చిరాకుతో అడిగాడు. "ఒక్కతీ కూర్చుని ఇంతసేపు ఏం చేసింది ఆవిడ?"

బైండరు ఆ ప్రశ్న ఆమెను ఎన్నడూ అడగలేదు. "చదువుకుని ఉంటుందండి," అన్నాడు.

గ్రంథపాలకురాలు చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, చెప్పింది. "అప్పట్లో ఆ బీరువాల వెనక దీపం లేదు బాబాయ్. మూడు దాటితే అక్కడ అక్షరం కనబడేది కాదట."

వెలుతురు తగ్గింది. ఆమె లేచి దీపాలు వేసింది. మంత్రి జేబులోంచి కలం తీసి, ఏడో అర్జీ అంచున నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. బైండరుకు అందించడానికి చెయ్యి చాపాడు. అందలేదు. అడుగు ముందుకు వేసి అందించాడు. అలా అందించాక గాని తాను నిలబడి ఉన్నానని ఆయన గమనించలేదు. ఈసారి తప్పకుండా అని అనలేదు. బైండరు భుజం దగ్గర ఒక క్షణం ఆగి, ఎవరికోసమూ చూడకుండా, నడుము పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

గ్రంథపాలకురాలు గడియారం చూసి రిజిస్టరులో రాసింది. ఆరున్నర. ఎనిమిది గంటల పది నిమిషాలు. బైండరు మనసులో అయిదు గంటలు తీసేశాడు. మూడు గంటల పది నిమిషాలు మిగిలాయి.

తొమ్మిదో రోజున రాతిపనివాడు వచ్చి ఫలకం మీద పదో పేరు చెక్కాడు. ఆ మధ్యాహ్నమే గ్రంథపాలకురాలు తాడు పొడిగించి పదో కుర్చీకి కూడా చుట్టబోయింది. ఒక్క రోజు ఆగమని బైండరు అడిగాడు.

మర్నాడు అతడు జిగురు కాచలేదు. పటాల బీరువాల వెనక కుర్చీ వేసుకుని, దారం, సూది, విప్పిన పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని, సరిగ్గా పదింటికి కూర్చున్నాడు. మూడింటిదాకా కుట్టాడు. తరువాత, అక్కడ వెలుతురు చాలదని గ్రంథపాలకురాలు పెట్టించిన దీపాన్ని ఆర్పమని ఆమెను అడిగి, సూదిని పుస్తకం వెన్నుకు గుచ్చి పక్కన పెట్టాడు. ఆ తరువాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు తప్ప ఏమీ చేయలేదు.

మూసే వేళకు గ్రంథపాలకురాలు తాళాలతో వచ్చింది.

"ఆరున్నర దాటింది బాబాయ్. ఈపాటికి వదిలేసే ఉంటుంది."

"ఇందాకే వదిలింది. ఆరూ పదికి."

"మరి లేవండి, వెళ్దాం."

"తాళాలు బల్ల మీద పెట్టి నువ్వెళ్లమ్మా," అన్నాడు బైండరు. "నేను కాసేపు ఉండి వస్తాను."