అర మెట్టు కింద

పియానో ముందు పలక ఊడదీసి గోడకు ఆనించి, వరదానం ఎప్పటిలాగే కుడిచెవిని తీగల దగ్గరకు వంచాడు. మరుక్షణం నాలిక్కరుచుకుని, తల ఇటు తిప్పి ఎడమచెవి పెట్టాడు. ఆర్నెల్లుగా ఇదే వరస. అరవై ఏడేళ్ళు నమ్మకంగా పనిచేసిన కుడిచెవి చెప్పాపెట్టకుండా సెలవు పెట్టేసింది. ఎడమదీ అంతంతమాత్రమే. పై చివర పదిహేను మెట్లు నొక్కితే చెక్క టకటకలాడడం తప్ప స్వరం వినిపించదు. వాటిని ఇప్పుడు వేలితోనే చూసుకుంటున్నాడు. తీగ మీద వేలి గోరు ఆనిస్తే అది వణికే తీరును బట్టి ఎక్కడుందో తెలిసిపోతుందట. నిజమో, ముసలాయన బింకమో మనకి తెలియదు గాని, తప్పు పట్టినవాడు ఇంతవరకూ లేడు.

సన్నటి మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, దాని జేబులో పాత కళ్ళజోడు పెట్టె. అందులో ఉండేది కళ్ళజోడు కాదు. పసుపు గుడ్డలో చుట్టిన ట్యూనింగు ఫోర్కు. మిషను దొరసాని ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఆయన నాన్నకి ఇచ్చింది. మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్కటే స్వరం పలుకుతుంది. లోకంలో పియానోలన్నీ ఆ స్వరానికే తల వంచాలి.

పియానోలంటే ఏలూరులో ఎన్నున్నాయి గనక! వరదానం బతుకంతా హార్మోనియాల మీదే గడిచింది. పవరుపేట సందులో రెండు గదుల ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గది సంసారం. ద్వారకా తిరుమల భజన సమాజాల వాళ్ళు, పెంటపాడు నాటకాల వాళ్ళు, చుట్టుపక్కల చర్చీల వాళ్ళు, అందరూ పెట్టెలు తెచ్చి ఆ గుమ్మంలో దింపేవారు. "హార్మోనియం ఆయన ఉన్నాడాండీ?" అని అడిగేవారేగాని, ఆయనకో పేరుంటుందని తట్టినవాళ్ళు తక్కువ. పెట్టె బాగుపడ్డాక పాడినవాడికి దండలు, వాయించినవాడికి శాలువాలు. దానికి వరదానం ఎప్పుడూ నొచ్చుకోలేదు. పెట్టె ఊపిరి తీసుకుంటే చాలు, తనకి అదే భోజనం.

ఆ దుకాణం కూడా నిన్నటితో సరి. చెవులు ఇలా అయ్యాక ఇంకెందుకని కూతురు క్రిస్టినా పట్టుబట్టింది. కలిదిండిలో బళ్ళో టీచరు. చేపల చెరువు గట్టున ఇల్లు. ఈ సాయంత్రం ప్రోగ్రాం అవగానే అల్లుడు కారులో ఎక్కించుకుపోతాడు. సామాను నిన్ననే వెళ్ళింది. మిగిలింది ఈ పియానో ఒక్కటే. దీన్ని చివరిసారి శ్రుతి చేసి, మూత వేసి, మెట్లు దిగిపోవడమే.

పియానో ఉన్నది రైల్వేస్టేషను దగ్గర, పాత బియ్యం గోదాము మీది హాల్లో. ఓడల మీద ఇరవై ఏళ్ళు శాక్సఫోను వాయించి వచ్చిన ఎడ్విన్ ఆరేళ్ళ క్రితం అక్కడ జాజ్ క్లబ్బు పెట్టాడు. మొదట్లో జాజ్ అంటే డాన్సు అనుకుని వచ్చినవాళ్ళు, ఇలా కూర్చుని వినాలా అని మొహం మొహం చూసుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం నాలుగింటికల్లా నలభై కుర్చీలూ నిండుతున్నాయి. మెట్ల దగ్గర నల్లబోర్డు మీద రాబోయే కార్యక్రమాలు సుద్దముక్కతో రాసి ఉంటాయి. 'వచ్చే ఆదివారం: తాడేపల్లిగూడెం బ్యాండు పార్టీ నాగేశ్వరరావు గారి క్లారినెట్.' దాని కింద ఆపై ఆదివారం, ఆపై ఆదివారం. అన్నిటికన్నా పైన, 'ఈ రోజు: హైదరాబాదు నుంచి శ్రీకర్, పియానో.' ఆ పక్కనే పూలు కూడా వేసి, 'ప్రత్యేకం: శ్రీమతి పాపమ్మ గారి పాట.'

పాపమ్మ వరదానం భార్య. ఊరు వదిలే ముందు ఒక్క పాట పాడమని ఎడ్విన్ అడిగాడు. ఇరవై ఏళ్ళు చర్చి క్వయరులో ముందు వరసలో నిలబడ్డ మనిషి. "ఇప్పుడెందుకు బాబూ" అంటూనే కొత్త చీర బయటికి తీసింది.

వరదానానికి దిగులు పట్టుకున్నది మాత్రం ఆ పూల వరస చూసి కాదు, దాని పక్కన హైదరాబాదు పియానో ఆయన పేరు చూసి. ఈ పియానో వెనక ఒక రహస్యముంది.

ఇది అర మెట్టు కిందికి ఉంటుంది. ఫోర్కు పలికే స్వరం తెల్లమెట్టు మీద ఉండాలి. ఇందులో దాని పక్కన నల్లమెట్టు మీద ఉంటుంది. ముసలిదైపోయి కుంగిందని ఎడ్విన్ బృందం వాళ్ళు అనుకుంటారు. తమ వాద్యాలే అర మెట్టు జరుపుకుని వాయించుకుంటారు. కుంగలేదు. వరదానమే దించాడు, ముప్పై ఆరేళ్ళ క్రితం, ఇది ఇంకా చర్చిలో ఉన్నప్పుడు.

ఆ ఏడు క్రిస్మసు ఆరాధనలో పాపమ్మ గొంతు పాట మూడో చరణంలో పై స్వరం దగ్గర విరిగింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు, ఇక క్వయరుకు పోనంది. పెళ్ళయి నాలుగేళ్ళు, నోరు తెరిస్తే నవ్వే పిల్ల. ఆమె మౌనం వరదానం భరించలేకపోయాడు. కొత్త సంవత్సరం ముందు పియానో శ్రుతి చేసే పని ఎలాగూ ఆయనదే. రెండు వందల పైచిలుకు తీగలు, రెండు వారాలు, ఒక్కొక్కటే వదులు చేశాడు. బతిమాలి, బామాలి ఆమెను మళ్ళీ నిలబెట్టాడు. గొంతు విరగలేదు. తర్వాత ఎన్నడూ విరగలేదు. "ఈ మధ్య సంఘమంతా బాగా పాడుతోందే!" అని పాస్టరు గారు కూడా మురిసిపోయారు. చర్చి వాళ్ళు కీబోర్డు కొనుక్కుని దీన్ని ఎడ్విన్ కి ఇచ్చేసినా, వరదానం ఆ ఎత్తు మార్చలేదు. పాపమ్మకి చెప్పనూ లేదు.

పదకొండింటికి శ్రీకర్ వచ్చాడు. ముప్పై లోపు వయసు, భుజాన సంచి, రైల్లో నిద్రలేని కళ్ళు. వస్తూనే నిలబడి నాలుగు మెట్లు నొక్కి, మొహం చిట్లించి, ఫోను తీసి శ్రుతి చూశాడు.

"అంకుల్, ఇది సెమీటోన్ తక్కువుందండి."

"అవునండీ," అన్నాడు వరదానం.

"పైకి లేపాలండి. నా వేలు ఒకటి నొక్కితే చెవికి ఇంకొకటి వినపడుతోంది. నేను వాయించలేను."

ఎడ్విన్ ఇబ్బందిగా చూశాడు. "సాయంత్రంలోగా అవుతుందంటారా, వరదానం గారూ?"

"తీగలు పాతవండీ. తెగుతాయి."

"ఒకటి బిగించి చూద్దామండి," అన్నాడు శ్రీకర్.

వరదానం పనిముట్ల సంచి తెరిచాడు. శ్రుతి కీ తీసి, మేకుకు తగిలించి ఒక తీగను బిగించాడు. తెగిపోవే తల్లీ అని లోపల మొక్కుకున్నాడు. అది తెగలేదు. హాయిగా పైకి వచ్చి, ఫోర్కు పక్కన ఖణేల్మని నిలబడింది. ఎందుకు తెగుతుంది? ఏటా పొడిగుడ్డతో తుడిచి, తుప్పు సోకకుండా కాపాడిన చేతులు ఎవరివి? తన పనితనమే తనకి ఎదురుతిరిగింది.

కుర్చీల సంగతి చూడ్డానికి ఎడ్విన్ కిందికి దిగాడు. వరదానం స్టూలు మీద కూర్చుని పసుపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"బాబూ, ఒక్క మాటండీ. మీరు నవ్వకూడదు."

చెప్పాడు. క్రిస్మసు, కిసుక్కుమన్న నవ్వు, రెండు వారాలు, అన్నీ. జన్మలో మొదటిసారి పైకి చెప్పడం, మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి.

"ఇది పైకి లేస్తే ఇవాళ ఆవిడ గొంతు అందరి ముందూ విరుగుతుందండీ. పైగా ఎందుకో తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ తన గొంతేననుకుంది. చిన్నబుచ్చుకుని ఊరు వదలడం నాకిష్టం లేదండీ."

శ్రీకర్ పియానో మెట్ల మీద ఒకసారి వేళ్ళు ఆడించాడు. తర్వాత సంచి కింద పెట్టి స్టూలు దగ్గరకు లాక్కున్నాడు.

"మధ్యాహ్నం పడుకుందామనుకున్నానండి. సరే, ఆ నిద్ర పోయినట్టే. మీరు ఆ తీగ దించేయండి, నేను నా పాటలన్నీ అర మెట్టు జరిపి ప్రాక్టీసు చేసుకుంటాను. ఆవిడ పాట మాత్రం ఉన్నచోటే వాయిస్తాను."

వరదానానికి కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

ఒంటిగంటకి పాపమ్మ క్యారియరుతో వచ్చింది. మోకాళ్ళ నొప్పి, భారీ మనిషి. ఒక్కో మెట్టు పక్కకి తిరిగి ఎక్కి, పైకి రాగానే కుర్చీలో కూలబడి పకపకా నవ్వింది. కొర్రమేను పులుసు, వేడన్నం. వద్దంటున్నా శ్రీకర్ కి రెండోసారి వడ్డించింది.

"ఏం బాబూ, మా పియానో బాగుందా?"

"చాలా బాగుందండి," అన్నాడు శ్రీకర్, ముల్లు తీసుకుంటూ. వరదానం వంచిన తల ఎత్తకుండా పులుసు కలుపుకున్నాడు.

నాలుగింటికి హాలు నిండింది. చర్చి వాళ్ళు, రైల్వే వాళ్ళు, వెనకాల అల్లుడితో పాటు క్రిస్టినా. శ్రీకర్ మొదటి పాటలో రెండు చోట్ల తడబడ్డాడు, మూడో పాటకల్లా కుదురుకున్నాడు. కింది స్వరాలు గోదాము చెక్క నేల గుండా పాదాల్లోకి దిగుతున్నాయి. వరదానం తలుపు పక్క కుర్చీలో, చెప్పులు విప్పి, పాదాలతో వింటున్నాడు.

పాపమ్మ లేచింది. ఆ క్రిస్మసు నాటి పాత కీర్తనే, ఎడ్విన్ తన ధోరణిలో నెమ్మది చేసి ఊయల ఊపినట్టు కట్టాడు. మొదటి చరణం. రెండో చరణం. గొంతు వయసుతో గరుకెక్కింది గాని నిండుగా ఉంది. మూడో చరణం వచ్చింది. వరదానం కుర్చీ అంచు పట్టుకున్నాడు. పై స్వరం ఇక రెండు మాటల దూరంలో ఉంది. పాపమ్మ అక్కడిదాకా వచ్చి, నోరు మూసేసి, చిన్నగా నవ్వి, 'నువ్వు తీసుకో నాయనా' అన్నట్టు ఎడ్విన్ వైపు చెయ్యి చాచింది. ఎడ్విన్ ఒక్క క్షణం తెల్లబోయి, శాక్సఫోను ఎత్తి ఆ స్వరాన్ని అందుకున్నాడు. అది కిటికీ దాటి స్టేషను దాకా పోయింది. పాపమ్మ మిగతా పాట పాడి ముగించింది. కావాలనే అలా కూర్చారనుకుని జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

ఆమె వచ్చి పక్క కుర్చీలో కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఏవండీ, మీరు అంత కష్టపడి కిందికి దించిపెట్టినా ఇవాళ అందలేదండీ. వయసైపోయింది."

వరదానం విన్నది నిజమేనా అని ఎడమచెవి ఇటు తిప్పాడు. "నీకెలా తెలుసు?"

"మనింట్లో హార్మోనియాలు లేవాండీ? మీరు బజారుకెళ్ళినప్పుడు అదే పాట పెట్టె ముందేసుకుని పాడుకునేదాన్ని. ఇంట్లో ప్రతిసారీ గొంతు విరిగేది. చర్చిలో విరిగేది కాదు. ఆ మాత్రం పోల్చుకోలేనా?"

ఇంటినిండా హార్మోనియాలు! ప్రతిదీ తన చేత్తో సరైన ఎత్తుకి కట్టినవే. ముప్పై ఆరేళ్ళలో ఈ ముక్క ఒక్కసారైనా తనకి తట్టలేదు.

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"మీరంత ముచ్చటపడి దాచుకున్నారు కదా, నేనెందుకు పాడుచెయ్యాలి అని," అంది పాపమ్మ. "మీరు అలా చేశారని తెలిసిన రోజు ఎంత ఏడ్చానో. సంతోషానికేలెండి."

వరదానం, జనం చూస్తున్నారన్న సంగతి కూడా మరిచి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అల్లుడు వచ్చి "బయలుదేరదామా మావయ్య గారూ, చీకటి పడకుండా చేరదాం" అనేదాకా అలాగే ఉన్నాడు.

అప్పుడు లేచి పియానో దగ్గరకు వెళ్ళాడు. ముందు పలక బిగించి, మూత మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఎడ్విన్ గారూ, పొద్దున్న అబద్ధం ఆడానండీ. ఈ తీగలు తెగవు. వచ్చేవాళ్ళకి ఇబ్బంది లేకుండా పైకి లేపించెయ్యండి. ఒక్కసారి కాదు, నెలకి కాస్త, నెలకి కాస్త."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు..." అని ఎడ్విన్ అడగబోతే శ్రీకర్ మెల్లగా ఆయన మోచెయ్యి తట్టాడు.

వరదానం, పాపమ్మ మెట్లు దిగారు. ఆమె పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఆయన ఒక మెట్టు కింద నిలబడి భుజం అందిస్తూ దిగాడు. కారు కదిలిన చప్పుడు వినపడింది. ఎడ్విన్ బోర్డు దగ్గరకు వెళ్ళి ఈ రోజు వరస తుడిచి, నాగేశ్వరరావు గారి క్లారినెట్ ని పైకి రాశాడు.

పైన ఖాళీ కుర్చీల మధ్య, పియానో మూత మీద, వరదానం తెరిచి పెట్టి వెళ్ళిన కళ్ళజోడు పెట్టెలో, పసుపు గుడ్డ మీద ఫోర్కు ఉంది.