నిన్న లేని మరక

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక పాత టెలిస్కోపు, దానికి తగిలించే కెమెరా, పుత్తూరులో మా ఇంటి మిద్దె, రాత్రి గాజుల కొట్టు మూశాక దొరికే రెండు గంటలు.

ఆ కొట్టులో పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న కన్ను నాది. ఒకే ఎరుపని తెచ్చిన రెండు డజన్ల గాజుల్లో ఏది వేరే బట్టీదో ఇట్టే చెబుతాను. జనవరిలో తీసిన ఓరియన్ నక్షత్రరాశి ఫోటోని కిందటేడు తీసినదాని పక్కన పెడితే, మూలన చిన్న మరక. కిందటేడు అక్కడేమీ లేదు. వారానికి ఇంకా తెల్లబడింది. అలాంటి మరక ఆకాశంలో ధూళిమేఘం, దానికి సొంత వెలుగు ఉండదు. లోపల దాగిన నక్షత్రం భగ్గుమంటేనే అది పైకి కనబడుతుంది. లోపల ఏదో అంటుకుంది.

"పిండి రుబ్బేది ఆడనే ఉండాది, ఈమె చుక్కలు లెక్కేస్తా ఉండాది" అని కింద మా అత్త చెంగమ్మ గొణుగుతోంది.

శాస్త్రవేత్తలకు పంపే నివేదికను నా భర్త గిరిప్రసాద్‌కు చూపించాను. రెండుసార్లు చదివాడు.

"నా పేరుతో పంపు. రాత్రిపూట ఆడది మిద్దె మీద ఒంటరిగా ఉంటాదని పేపర్లో యేస్తే నా మొగం యాడ పెట్టుకునేది?"

"చూసింది నేను కదా."

"మిద్దె యెవురిదే?" అని నవ్వాడు.

మర్నాడు ఇనుప రేకులు దిగాయి. "పైన సరుకుకు షెడ్డు. ఆదివారం మేస్త్రీ వస్తాడు. పేరు మార్చినావంటే రాడు." గిరాకీకి ధర తగ్గించినంత మెత్తగా చెప్పాడు.

మూడు రోజులు గోడకు ఆనించిన రేకులు గాలికి దడదడలాడుతుంటే గిన్నెలు తోముతూ విన్నాను. మరక ఎప్పుడైనా ఆరిపోవచ్చు, మరొకరి కంటైనా పడవచ్చు. కొట్టు బోర్డు మీద ఆయన పేరు రాయించిన రోజు కూడా ఇలాగే గిన్నెలు తోముతూ ఊరుకున్నాను. రంగులు ఎంచేది నేను, బేరం తెంచేది నేను.

శనివారం రాత్రి ఆఖరి ఫోటో తీశాను. మరకలో అంత వెలుగు ఎప్పుడూ లేదు. నివేదిక కింద 'మునిలక్ష్మి, గాజుల వ్యాపారి, పుత్తూరు' అని రాసి పంపేశాను.

ఆదివారం మేస్త్రీ వచ్చాడు. సాయంత్రానికి నెత్తిన ఆకాశం లేదు. ఆ రేకుల కింద నిలబడే శాస్త్రవేత్తల జవాబు చదివాను: "మునిలక్ష్మి గారూ, దీన్ని మొదట చూసింది మీరే."

మిద్దె పోయింది. ఒక ఉత్తరంలో నా పేరు దక్కింది. టెలిస్కోపును కొట్టు మిద్దె మీదికి చేర్చాను. బోర్డులు రాసే ఢిల్లీబాబును రేపు పొద్దున్నే రమ్మన్నాను.