నూకమ్మ నడుం మీది సర్పి

నూకమ్మ బట్టలు జాడిస్తుంటే చీర పక్కకు జరిగింది. ఊరినుంచి వచ్చిన అత్త దేవుడమ్మ కళ్లు ఆమె నడుం మీది పొక్కుల వరస మీద ఆగిపోయాయి.

“ఏటే అది? సర్పి గాదూ! ఏ పాముని సంపేవు?”

పామును చంపిన శాపానికే సర్పి లేస్తుందని అత్త నమ్మకం. కానీ చంపే తీరిక ఎవరికుంది? తెల్లారకముందే లేచి, పట్టాల పనికి వెళ్లే మొగుడు ఎర్రన్నకు క్యారేజీ కట్టి, ఎర్రదుమ్ము పట్టిన అతని చొక్కాలు మూడు నీళ్లు మార్చి ఉతకాలి. ఇనుప గనుల బచేలిలో, రైల్వే క్వార్టర్లో ఆమెకు చీమను తొక్కే ఖాళీ కూడా లేదు.

సర్పికి ఊళ్లో కావిమన్ను రాస్తారు. ఇక్కడ అది దొరక్క, దేవుడమ్మ పట్టాల పక్కన రాలిన ఇనుపరాతి పొడి తెచ్చి తడిపి పొక్కుల మీద పూసింది. పాపం, ప్రేమగానే పూసింది. నూకమ్మకు ప్రాణం పోయినంత పనైంది.

ఆసుపత్రిలో, నూకమ్మ సంగతి ముందే తెలిసిన నర్సు సూర్యకాంతం ఆ మట్టంతా కడిగింది.

“పామూ లేదు, శాపమూ లేదు. చిన్నప్పుడొచ్చిన ఆటలమ్మ వైరసే ఒంట్లో దాగుంటాది. శక్తి తగ్గితే ఇలా లేస్తాది. హెచ్ఐవి మందులు మానీసేవా?”

మానలేదు, పంచింది. జబ్బు తెచ్చింది ఎర్రన్న. “నన్నెవులైనా సూస్తే పరువు పోద్ది, నువ్వే ఎల్లు” అంటే, ఇన్నేళ్లూ దంతెవాడ బస్సెక్కి ఇద్దరి మందులూ మోసుకొచ్చింది నూకమ్మ. పోయిన నెల తల్లి వస్తోందని భయపడి అతను తన సీసా కాలవలో పారేశాడు. అప్పటినుంచి ఆమె సీసాలోవే ఇద్దరూ, రోజు విడిచి రోజు.

“అలాగైతే మందు ఇద్దరికీ పనిచెయ్యదమ్మా,” అంది సూర్యకాంతం, సర్పి మాత్రలు చేతిలో పెడుతూ.

దారంతా నూకమ్మకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇంత ఓర్చుకున్న మనిషికి ఆ కోపం ఎంత అందంగా ఉందో!

సాయంత్రం ఎర్రన్న పని నుంచి వచ్చేసరికి దేవుడమ్మ మళ్లీ మట్టి తడుపుతోంది.

“అత్తా, అది పారీయ్. నాకూ నీ కొడుక్కీ హెచ్ఐవి ఉంది. మందులు సరిగ్గా మింగితే బతుకుతాం. రేపు ఇద్దరం దంతెవాడ ఎల్తన్నాం.”

దేవుడమ్మ చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. కొడుకు వైపు చూసింది. అతను తలెత్తలేదు. నూకమ్మ సీసా మూత తీయగానే మాత్రం, అలవాటుగా చెయ్యి చాచాడు.

“ఇయ్యేల నా వంతు కదే.”

నూకమ్మ మాత్ర మింగి, గ్లాసుడు నీళ్లూ తాగింది.

“నా మందులో నీకు వంతు లేదు. రేపు బస్సులో నా పక్కన సీటుంది, రా.”